కరపత్రాలు పంచితే ట్రెస్‌పాస్ కేసు పెట్టొచ్చా?

మీ ప్రశ్నలో నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. అందుకే నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెబుతాను. మీరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లుగా అద్దెకు ఉంటున్నారు. ట్యాంకర్ నీళ్ల పేరు చెప్పి అసోసియేషన్ అద్దెవాళ్ల దగ్గర మాత్రమే అదనంగా వసూలు చేస్తోంది, లెక్క అడిగితే చూపడం లేదు. మీరు తెలుగు, కన్నడ, ఇంగ్లిషు మూడింటిలో కరపత్రం వేయించి ఇంటింటి తలుపు కింద తోశారు. మొన్న ఆదివారం, బిల్డర్ ఆఫీసు ఉన్న పక్క మాల్‌లోకి వెళ్లి అక్కడా పంచారు. సెక్యూరిటీ వాళ్లు బయటికి వెళ్లమంటే ‘నాకు భావ ప్రకటనా స్వేచ్ఛ ఉంది’ అని అక్కడే నిలబడ్డారు. వాళ్లు మిమ్మల్ని బేస్‌మెంట్‌లో ఒక గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఫోన్ లాక్కున్నారు, ట్రెస్‌పాస్ (అక్రమ ప్రవేశం) కేసు పెడతామన్నారు, చివరికి క్షమాపణ పత్రం రాయించుకుని వదిలారు. ఇప్పుడు అసోసియేషన్ సెక్రటరీ పరువు నష్టం నోటీసు పంపుతానంటున్నారు, వాట్సాప్ గ్రూపులోంచి మిమ్మల్ని తీసేశారు.

‘మాట్లాడే హక్కు ఉన్నట్టా లేనట్టా?’ అని అడిగారు. నేను బెంగళూరు కోర్టుల్లో ఇరవై ఆరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, మాది హిందూపురం. నా దగ్గరికి వచ్చే మన తెలుగు పిల్లల్లో చాలామంది ఇదే ప్రశ్న ఇదే కోపంతో అడుగుతారు. సూటిగా చెబుతాను: మాల్‌లో వెళ్లమన్నాక కూడా మీరు నిలబడటం పొరపాటు. ఆ తర్వాత గదిలో వాళ్లు మీకు చేసింది నేరం. రెండూ ఒకే మధ్యాహ్నం జరిగాయి కాబట్టి ఒకటి ఇంకొకదానికి చెల్లు అనుకోకండి, చట్టం రెండింటినీ విడివిడిగా చూస్తుంది.

మీరు చెప్పిన హక్కు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం. అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టేసే హక్కు. పోలీసులు, కలెక్టరు, పాలికె (నగర పాలక సంస్థ), ప్రభుత్వ యూనివర్సిటీ లాంటివి మీ నోరు మూయించాలంటే 19(2)లో ఉన్న ఎనిమిది కారణాల్లో ఒకటి చూపాలి. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతి భద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం, ఇవే ఆ ఎనిమిది. ‘మాకు నచ్చలేదు’ అనేది అందులో లేదు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది ఈ లెక్కతోనే. చిరాకు కలిగించే పోస్టు పెడితే జైలు అన్న నిబంధన ఆ ఎనిమిదింటిలో దేని కిందికీ రాదని చెప్పింది.

2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇంకో మాట కూడా అంది. 19, 21 అధికరణాల హక్కులను ప్రభుత్వం కాని వాళ్ల మీద కూడా అమలు చేయించుకోవచ్చని నలుగురు జడ్జీలు ఒక వైపు, ఒకరు మరో వైపు తీర్పిచ్చారు. ఈ తీర్పు గురించి ఎక్కడో వీడియోలో చూసి ‘ఇక మాల్ వాళ్లు నన్ను ఆపలేరు’ అని వచ్చినవాళ్లు నాకు తగిలారు. ఆ కేసు మొదలైంది మంత్రుల వ్యాఖ్యల గురించి. ఇతరుల స్థలంలోకి వెళ్లి నిలబడే హక్కు అందులో ఎక్కడా లేదు.

చోటు గురించి నేరుగా తేల్చిన తీర్పు అంతకంటే చాలా పాతది. 1969లో రైల్వే బోర్డు, నిరంజన్ సింగ్ కేసు. ఆయన రైల్వే ఉద్యోగి, యూనియన్ మనిషి. రైల్వే ఆవరణలో మీటింగులు పెట్టొద్దన్న ఆదేశాన్ని కాదని మాట్లాడారు. మాట్లాడే స్వేచ్ఛ, గుమికూడే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఎక్కడ పడితే అక్కడ వాటిని వాడుకోవచ్చని కాదు, స్థలం ఎవరిదో వాళ్లకు దాని మీద హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వానికి చెందిన రైల్వే స్థలం విషయంలోనే అలా అన్నారంటే ప్రైవేటు మాల్ సంగతి ఊహించుకోండి.

అమెరికాలో ఉన్న మీ బావగారు ‘ఇక్కడైతే ఎవరూ ఆపరు’ అన్నారని రాశారు. అక్కడి సంగతీ అంత తేలిక కాదు. అలబామాలో నౌకలు కట్టే ఒక కంపెనీ సొంత ఊరిలో మతపరమైన కరపత్రాలు పంచిన మహిళకు 1946లో అక్కడి సుప్రీంకోర్టు అండగా నిలిచింది. ఊరికి ఊరే కంపెనీది, వీధులు కూడా కంపెనీవే, అందుకని. కానీ 1972లో పోర్ట్‌లాండ్ నగరంలోని ఒక మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవాళ్లు అదే కోర్టులో ఓడిపోయారు. 1980లో కాలిఫోర్నియా విద్యార్థులు గెలిచారంటే అది ఆ రాష్ట్ర రాజ్యాంగం ఎక్కువ రక్షణ ఇచ్చినందువల్లే. కాబట్టి మాల్ గేటు దగ్గర బావగారి మాట అక్కడా ఇక్కడా పనికిరాదు.

ఇప్పుడు ట్రెస్‌పాస్. అందరూ దీన్ని యాజమాన్యం గొడవ అనుకుంటారు. కాదు, ఇది స్వాధీనం గొడవ. చట్టం అడిగేది ‘ఆ చోటు ఎవరి చేతిలో ఉంది?’ అని. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం ఇంకొకరి స్వాధీనంలో ఉన్న చోటులోకి నేరం చేయాలనో, అక్కడున్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశంతో వెళ్తే క్రిమినల్ ట్రెస్‌పాస్. న్యాయంగానే లోపలికి వెళ్లి, అదే ఉద్దేశంతో బయటికి రాకుండా ఉండిపోయినా ట్రెస్‌పాసే. మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది మనుషులు నివసించే ఇల్లయినా, పూజా స్థలమైనా, వస్తువులు భద్రపరిచే చోటైనా శిక్ష ఏడాది దాకా పోతుంది. 2024 జులై 1కి ముందు జరిగినవాటికి పాత ఐపీసీ 441, 447, 448 సెక్షన్లు వర్తిస్తాయి. కొందరు పోలీసులు ఇప్పటికీ అలవాటుకొద్దీ ‘ఫోర్ ఫార్టీ సెవెన్’ అంటూ ఉంటారు, కంగారు పడకండి.

ఇందులో ప్రాణం లాంటి మాట ‘ఉద్దేశం’. మాథ్రీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఎదుటివాళ్లకు విసుగు కలుగుతుందని నీకు తెలిసుంటే చాలదు, విసిగించడమే నువ్వు అక్కడికి వెళ్లిన అసలు పని అయి ఉండాలి. మీరు మాల్‌కు వెళ్లింది నీళ్ల లెక్క జనానికి చెప్పడానికి. గార్డును ఏడిపించడానికి కాదు. ఆ లెక్కన కేసు నిలబడటం కష్టమే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్రెస్‌పాస్‌లో పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు. బెయిల్ దొరికే నేరమే, అయినా ఎఫ్‌ఐఆర్ అంటూ ఒకటి ఉంటే పాస్‌పోర్టు దగ్గర, ఆఫీసు వెరిఫికేషన్ దగ్గర మీకు టెన్షన్ తప్పదు. చివరికి గెలిచే కేసయినా ఆ రెండేళ్లు నలిగేది మీరే. వెళ్లమన్నాక వెళ్లిపోండి అని నేను అందరికీ చెప్పేది అందుకే.

మాల్‌లోకి, దుకాణంలోకి, హోటల్లోకి మనం వెళ్లేది ఒక అనుమతి మీద. ఈజ్‌మెంట్స్ చట్టం దాన్ని లైసెన్సు అంటుంది. తలుపు తెరిచి ఉండటమే ఆ అనుమతి. కొనుక్కోవడానికి, తినడానికి, చూడటానికి ఇచ్చిన అనుమతి అది, కరపత్రాలు పంచడానికి కాదు. ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కానీ అదే 1882 నాటి చట్టం 63వ సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. అనుమతి తీసేశాక ఆ మనిషి తన సామాను తీసుకుని బయటికి వెళ్లడానికి తగినంత సమయం ఇవ్వాలి. ఈ చిన్న వాక్యం చాలామందిని కాపాడింది.

ఒక కేసు చెబుతాను. పీణ్య వైపు ఒక ఫ్యాక్టరీ, పేరు అవసరం లేదు. తీసేసిన కాంట్రాక్టు కార్మికుల తరఫున ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు కదిరి, ఇంకొకడు తుమకూరు, మేనేజరుకు వినతిపత్రం ఇవ్వడానికి వెళ్లారు. లోపల మాటా మాటా పెరిగింది. మేనేజరు గెటౌట్ అన్నాడు. వీళ్లు వచ్చేశారు. మర్నాడు ట్రెస్‌పాస్ కేసు. కోర్టులో మా చేతికి దొరికిన అసలు ఆధారం ఏమిటో తెలుసా? గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టరు. అట్ట ఊడిపోయి, దారంతో బాల్‌పెన్ను కట్టి ఉన్న మామూలు పొడుగు పుస్తకం. పేరు, ఫోన్ నెంబరు, ఎవరిని కలవాలి, లోపలికి వచ్చిన టైము, బయటికి వెళ్లిన టైము, సంతకం. ‘ఎవరిని కలవాలి’ దగ్గర కదిరి కుర్రాడు మేనేజరు పేరు రాశాడు, పక్కన గార్డు ఫోన్ చేసి అడిగి పెట్టిన టిక్కు ఉంది. అంటే పిలిచి లోపలికి పంపింది వాళ్లే. బయటికి వెళ్లిన టైము 4.14. మేనేజరు తన ఫిర్యాదులోనే ‘సుమారు 4.10కి బయటికి పొమ్మన్నాను’ అని రాసుకున్నాడు. నాలుగు నిమిషాలు. ఆ ఫ్యాక్టరీలో ఆ గది నుంచి గేటుకు నడవడానికే నాలుగు నిమిషాలు పడుతుంది. జడ్జిగారు ఆ పేజీని ఒకటికి రెండుసార్లు తిరగేసి చూశారు. కుర్రాళ్లిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను, గేటు రిజిస్టరులో నిజం రాయండి, వచ్చేటప్పుడు బయటికి వచ్చిన టైము తప్పకుండా వేయించండి అని. చాలామంది విసుగ్గా ఏదో ఒక పేరు గీకి, ఏదో నెంబరు వేసి లోపలికి పోతారు. దొంగపేరుతో లోపలికి వెళ్తే అది అనుమతే కాదు, ఉద్దేశం మీద కూడా అనుమానం వస్తుంది. ఇప్పుడు రిజిస్టరు పోయి యాప్ వచ్చింది కొన్నిచోట్ల, అందులో మీకు వచ్చే మెసేజ్‌ను తుడిచేయకండి.

ఇక ఆ రెండు గంటల సంగతి. నాకు బాధ కలిగించిందీ, మీరు అసలు ప్రశ్నగా అడగకుండా వదిలేసిందీ ఇదే. సెక్యూరిటీ గార్డు పోలీసు కాదు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ఆ ఏజెన్సీలకు లైసెన్సు పెట్టిందే గానీ పోలీసు అధికారం ఏమీ ఇవ్వలేదు. మామూలు పౌరుడు ఇంకొకరిని పట్టుకోగలిగేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ కింద. అది కూడా తన కళ్ల ముందు బెయిల్ దొరకని, పోలీసులు నేరుగా పట్టుకోదగ్గ నేరం జరిగినప్పుడు, లేదా ఆ మనిషి ప్రకటిత నేరస్థుడైనప్పుడు మాత్రమే. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ట్రెస్‌పాస్ బెయిల్ దొరికే నేరం. అంటే మీరు నిజంగా ట్రెస్‌పాస్ చేశారనే అనుకున్నా, మిమ్మల్ని గదిలో కూర్చోబెట్టే అధికారం వాళ్లకు లేదు. పోలీసులను పిలవడం కూడా కాదు వాళ్ల ఉద్దేశం, భయపెట్టి కాగితం రాయించుకోవడమే.

గార్డు చేయగలిగింది ఏమిటంటే, వెళ్లమని చెప్పొచ్చు, గేటు దాకా వెంట రావచ్చు, మొండికేస్తే 112కు ఫోన్ చేయొచ్చు. తమ స్థలాన్ని కాపాడుకోవడానికి అవసరమైనంత, అంతకు మించకుండా, అడ్డుకోవచ్చు. ఆత్మరక్షణ సెక్షన్లు ఆస్తికీ వర్తిస్తాయి. కానీ అవసరానికి మించిన దెబ్బ ఒక్కటి పడినా ఆ రక్షణ పోతుంది. మీరు వెళ్లాలనుకున్న దిక్కుకు వెళ్లకుండా అడ్డుకుంటే అక్రమ నిరోధం, న్యాయ సంహిత 126వ సెక్షన్, నెల దాకా సాధారణ జైలు. గదిలో పెట్టి కదలనివ్వకపోతే అక్రమ నిర్బంధం, 127వ సెక్షన్, ఏడాది దాకా. ఫోన్ లాక్కోవడం, అందులో ఫొటోలు చెరిపించడం, బెదిరించి సంతకం పెట్టించుకోవడం వేరే నేరాలు. మీ ట్రెస్‌పాస్ కంటే వాళ్లది బరువైన కేసు. ఆ గదిలోకి మిమ్మల్ని తీసుకెళ్లినవాళ్లకూ అది తెలిసే ఉంటుంది, క్షమాపణ పత్రం చేతిలో పెట్టుకుంటే మీరు నోరు మెదపరని వాళ్ల ధైర్యం.

మీ సొంత అపార్ట్‌మెంట్‌లో పంచిన సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ మీరు బయటి మనిషి కాదు. అద్దె ఒప్పందం ఉన్నంతకాలం ఆ ఫ్లాటు మీ స్వాధీనంలో ఉంది. మెట్లు, లిఫ్టు, కారిడారు, గేటు దాకా ఉన్న దారి లేకుండా ఫ్లాటును అనుభవించడం కుదరదు కాబట్టి వాటిని వాడుకునే హక్కు ఫ్లాటుతోపాటే వస్తుంది. కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం 1972 ప్రకారం ఆ ఉమ్మడి చోట్లలో ఓనర్లందరికీ విడదీయని వాటా ఉంటుంది, అందులో మీ ఓనర్ వాటా ద్వారా వచ్చిన మనిషి మీరు. సెక్రటరీగారు ఆ కారిడార్లకు నిర్వాహకుడే గానీ యజమాని కాదు. మీ బ్లాకులో తలుపు కింద కరపత్రం పెట్టినందుకు ట్రెస్‌పాస్ అంటే మేజిస్ట్రేటు ముందు అది ఒక్క వాయిదా కూడా నిలవదు.

అయితే బైలాస్ చదవండి. నోటీసు బోర్డు మీద, లిఫ్టులో, గోడల మీద అంటించడానికి అనుమతి కావాలని చాలా అసోసియేషన్లలో నియమం ఉంటుంది, అది న్యాయమైన నియమమే. ‘ప్రకటనలు వద్దు’ అని ఎవరైనా తలుపు మీద రాసుకుంటే ఆ తలుపు వదిలేయండి. మాట్లాడటం మీకెంత హక్కో, వినకుండా ఉండటం వాళ్లకు వాళ్ల ఇంట్లో అంత హక్కు. ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 తీర్పు మన కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామిగారు వేసిన కేసులోనే వచ్చింది.

కోపం వచ్చిన అసోసియేషన్లు చేసే ఇంకో పని నీళ్లు ఆపడం, గేటు యాప్‌లో అద్దెవాళ్ల పేరు తీసేసి వచ్చినవాళ్లను వెనక్కి పంపడం. అలా చేస్తే వెంటనే రాతపూర్వకంగా అడగండి. మీరు బాకీ ఉన్నారంటే నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లి వసూలు చేసుకునే దారి వాళ్లకు ఉంది. కరపత్రం పంచినందుకు శిక్షగా నీళ్ల వాల్వు తిప్పేసే దారి లేదు. వాట్సాప్ గ్రూపు గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. అది అడ్మిన్ ఇష్టం, తీసేస్తే మీ ప్రాథమిక హక్కు ఏదీ పోలేదు. నోటీసులన్నీ ఆ గ్రూపులోనే పెడుతుంటే, ‘నాకు నోటీసులు మెయిల్‌లో పంపండి’ అని ఒక ఉత్తరం రాయండి, సరిపోతుంది.

స్వాధీనం అనే మాట అద్దెవాళ్లకు ఎంత బలమో మన పిల్లలకు తెలియదు. మారతహళ్లిలో ఒక పీజీలో నెల్లూరు అమ్మాయి ఉండేది. భోజనంలో పురుగులు వస్తున్నాయని ఫొటో తీసి ఆన్‌లైన్‌లో రివ్యూ పెట్టింది. ఆ రాత్రి ఓనర్ తాళం తీసుకుని గదిలోకి వచ్చి, ‘రివ్యూ తీసెయ్, లేకపోతే ఇప్పుడే బయటికి నడువ్’ అన్నాడు. ఆమె సూట్‌కేసు, బకెట్టు, ఆరేసిన బట్టలు తీగతో సహా కారిడారులో పడేశాడు. ‘నా బిల్డింగు, నా ఇష్టం’ అన్నాడు. బిల్డింగు ఆయనదే. కానీ నెల అడ్వాన్సు కట్టి, అల్మరా తాళం తన దగ్గర పెట్టుకుని ఆ గదిలో ఉంటున్నది ఆ అమ్మాయి. బెదిరించడానికి రాత్రి పది గంటలకు గదిలోకి వచ్చాడు కాబట్టి అక్కడ ట్రెస్‌పాస్ చేసింది ఓనరే. స్టేషన్‌లో ఈ మాట చెప్పేసరికి ఇన్‌స్పెక్టర్‌గారు ముందు నమ్మలేదు. సెక్షన్ చదివి వినిపించాక ఓనర్‌ను పిలిపించారు. ఆమె అడ్వాన్సు తిరిగి వచ్చింది, రివ్యూ అలాగే ఉంది. న్యాయంగా ఖాళీ చేయించాలంటే నోటీసు ఇవ్వాలి, కోర్టుకు వెళ్లాలి. బలవంతంగా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు.

గేటు ఉన్న ప్రతిదీ ప్రైవేటు అనుకోవడం బెంగళూరులో ఇంకో అపోహ. లేఅవుట్ మంజూరు అయ్యేటప్పుడు రోడ్లను, పార్కులను ప్లానింగ్ అథారిటీకో పాలికెకో రాసిచ్చేస్తారు. రిలింక్విష్‌మెంట్ డీడ్ అంటారు దాన్ని. అలా రాసిచ్చాక ఆ రోడ్డు ప్రజలది. దానికి అడ్డంగా బూమ్ గేటు పెట్టి, గార్డును నిలబెట్టి ‘ఎవరింటికి?’ అని అడిగినంత మాత్రాన మళ్లీ ప్రైవేటు కాదు. మీ అపార్ట్‌మెంట్ ముందున్న రోడ్డు ఏ రకమో తెలుసుకోండి. ఆర్టీఐ అర్జీ పెడితే ఆ కాగితం బయటికి వస్తుంది. మీరు ఎక్కడ నిలబడి కరపత్రం ఇవ్వొచ్చో ఆ ఒక్క కాగితం తేల్చేస్తుంది.

మాల్ వాళ్లకు రానివ్వకుండా ఆపే హక్కు ఉందన్నాను కదా, దానికీ హద్దు ఉంది. రాజ్యాంగంలోని 15(2) అధికరణం ప్రైవేటు వాళ్లకూ వర్తిస్తుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు, వీటి కారణంగా మాత్రమే ఎవరినీ దుకాణాల నుంచి, హోటళ్ల నుంచి, వినోద స్థలాల నుంచి ఆపకూడదు. 2024 జులైలో మాగడి రోడ్డులోని ఒక మాల్‌లో పంచె కట్టుకొచ్చిన రైతును లోపలికి రానివ్వలేదు. రాష్ట్రమంతా భగ్గుమంది, ఆ మాల్‌ను ఏడు రోజులు మూయిస్తామని మంత్రి అసెంబ్లీలో ప్రకటించారు. పంచెకట్టు ఈ అధికరణంలో లేకపోవచ్చు, కానీ ఆ పెద్దాయనకు జరిగింది అవమానమేనని జనానికి అర్థమైంది. ‘తెలుగువాళ్లకు ప్రవేశం లేదు’ అని ఎవరైనా అంటే మీరు కాదు, వాళ్లు తప్పులో ఉన్నట్టు. మిమ్మల్ని ఆపింది కరపత్రాల కోసం కాబట్టి ఈ వాదన మీకు వర్తించదు.

ఇక సెక్రటరీగారి పరువు నష్టం. కరపత్రం ఫొటో పంపారు, చదివాను. అందులో రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది: ‘ఏప్రిల్‌లో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, ఒక్కోదానికి ఎంత ఇచ్చారు, బిల్లులు చూపండి.’ రెండోది: ‘కమిటీ దొంగలు మన నీళ్ల డబ్బు మింగేశారు.’ మొదటి వాక్యానికి ఎవరూ ఏమీ చేయలేరు. అది ప్రశ్న, డబ్బు కట్టేవాళ్లకు అడిగే హక్కు ఉంది. రెండోది నేరారోపణ. రుజువు మీ దగ్గర లేదు. బిల్లులు చూపలేదన్నది నిజం, కానీ చూపకపోవడం, మింగడం ఒకటి కాదు. పదిమందే ఉన్న కమిటీ కాబట్టి పేరు రాయకపోయినా ఎవరిని అన్నారో తెలిసిపోతుంది.

పరువు నష్టం ఇప్పుడు న్యాయ సంహిత 356వ సెక్షన్, రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్తగా సమాజ సేవ కూడా శిక్షగా చేర్చారు. ఇది నేరంగా ఉండటం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుబ్రమణ్య స్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అయితే ఇందులో పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. సెక్రటరీ స్వయంగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 223 ప్రకారం కేసు తీసుకునే ముందే మీ మాట కూడా వినాలి, ఇది పాత చట్టంలో లేని మేలు. నిజం చెప్పడం, అది ప్రజల మేలు కోసం చెప్పడం మినహాయింపు. సద్బుద్ధితో, తనదో ఇతరులదో ప్రయోజనం కాపాడటానికి అన్న మాటకూ మినహాయింపు ఉంది. అద్దెవాళ్ల డబ్బు గురించి అద్దెవాళ్లకే చెప్పారు కాబట్టి ఈ రెండో మినహాయింపు మీకు బాగా పనికొస్తుంది. కానీ అదే కరపత్రాన్ని మాల్‌లో సినిమాకు వచ్చిన ఊరందరికీ పంచారు చూడండి, అక్కడ ఆ వాదన పలచబడుతుంది. ‘దొంగలు’ అన్న మాట వెనక్కి తీసుకుంటూ, లెక్కల ప్రశ్న మాత్రం అలాగే నిలబెడుతూ రెండు వాక్యాల సవరణ పంచండి. ఇది ఓడిపోవడం కాదు. మీ ప్రశ్నకు పదును అక్కడే వస్తుంది.

మరి ఎక్కడ మాట్లాడాలి? రోడ్డు మీద. ప్రజల వీధుల్లో సభ పెట్టుకోవడాన్ని ప్రభుత్వం క్రమబద్ధం చేయొచ్చు గానీ తన ఇష్టం వచ్చినట్టు నిషేధించలేదని 1972లో హిమ్మత్ లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులో 2021 నాటి ఉత్తర్వు ప్రకారం ధర్నాలు, నిరసనలు ఫ్రీడమ్ పార్కులోనే, ముందు అనుమతితో చేయాలి. ఒకప్పటి సెంట్రల్ జైలే ఆ పార్కు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీలను పెట్టిన జైలు. నిరసన తెలిపే చోటును ఊరికి ఒక్కటి చేయడం నాకు నచ్చదు, వైట్‌ఫీల్డ్ నీళ్ల గోడు వైట్‌ఫీల్డ్‌లోనే వినిపించాలి. కానీ ఉత్తర్వు ఉన్నంతవరకు గేటు ముందు ప్లకార్డులు పట్టుకుని నినాదాలు ఇస్తే కేసు కట్టే అవకాశం ఉంది. ఇద్దరు మనుషులు, దారికి అడ్డం రాకుండా, కావాలన్నవాళ్ల చేతికి కాగితం ఇవ్వడం వేరు. అలా చేయండి. గోడలకు, స్తంభాలకు మాత్రం అంటించకండి. 1981 నుంచి అంటించడానికి వ్యతిరేకంగా ప్రత్యేక చట్టమే ఉంది, ఉగాది కార్యక్రమం పోస్టర్లు వేసే మన సంఘాలవాళ్లు కూడా ఇది మర్చిపోతుంటారు.

అసోసియేషన్ సొసైటీ చట్టం కింద రిజిస్టరు అయితే లెక్కలు అడగడానికి సభ్యుడిగా మీ ఓనరుకు దారి ఉంది. ఆయనను వెంట పెట్టుకోండి. ఓనరు ఎక్కడో దూరాన ఉంటే ఒక అధికార పత్రం మెయిల్‌లో తెప్పించుకుని జనరల్ బాడీ మీటింగ్‌కు వెళ్లండి. మైకు దొరికినా దొరకకపోయినా మినిట్స్‌లో మీ ప్రశ్న రాయించండి.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది. ఆ మాల్ కెమెరాల్లో మిమ్మల్ని గదికి తీసుకెళ్లిన దృశ్యం ఉంటుంది. చాలా చోట్ల రెండు మూడు వారాలకే పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే తేదీ, సమయం, ఏ గేటు, ఏ అంతస్తు అని రాసి, ‘ఈ ఫుటేజీ భద్రపరచండి’ అని మాల్ మేనేజ్‌మెంటుకు మెయిల్ ఈ రాత్రే పంపండి. అదే మెయిల్‌లో, క్షమాపణ పత్రం భయపెట్టి రాయించుకున్నారని స్పష్టంగా రాయండి. రేపు స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఆ మెయిల్ ప్రింటు, మీ రాతపూర్వక ఫిర్యాదు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒక కాపీ మీద సీలు, సంతకం వేయించుకోండి. ‘చూస్తాం, వెళ్లండి’ అంటే హింబరహ ఇవ్వమని కన్నడలో అడగండి, అంటే ఫిర్యాదుపై వాళ్ల రాతపూర్వక జవాబు. తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద రిజిస్టర్డ్ పోస్టులో డీసీపీగారికి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకు. ఫిర్యాదులో మాల్‌లో కరపత్రాలు పంచిన సంగతి దాచకండి. వెళ్లమన్నాక పది నిమిషాలు నిలబడ్డాననీ రాయండి. మీరు చేసినదాన్ని మీరే ముందు చెప్పేస్తే, ఆ తర్వాతి రెండు గంటలకు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లవుతారు.